ఆకలికి కళ్లెం వేసే జన్యువు

బొద్దుగా ఉన్న పిల్లవాడు మారు అన్నం అడిగితే ‘తిండిపోతు’ అనడం, లావుగా ఉన్న మనిషిని చూసి ‘నోరు కట్టుకోలేడు’ అని తీర్పు చెప్పడం మన ఇళ్లలో సర్వసాధారణం. ఆకలి పూర్తిగా మనిషి ఇష్టాయిష్టాలకు లోబడి ఉంటుందన్న నమ్మకమే ఈ మాటలకు మూలం. ఆ నమ్మకంలో నిజం ఎంతో తేల్చడానికి శాస్త్రవేత్తలకు దాదాపు అర్ధ శతాబ్దం పట్టింది. అందుకు దారి చూపింది అమెరికాలోని ఒక ప్రయోగశాలలో పుట్టిన చిట్టెలుక. దానిలో చెడిపోయిన ఒకే ఒక్క జన్యువు, కొవ్వు కణాలు మెదడుకు నిత్యం సమాచారం పంపుతుంటాయన్న సంగతిని బయటపెట్టింది. ఆ జన్యువు పేరు ఓబీ. దాని ఆదేశంతో తయారయ్యే హార్మోను పేరు లెప్టిన్.

ఒక పెద్ద రైతు ఇంటిని ఊహించుకుంటే విషయం తేలిగ్గా బోధపడుతుంది. గాదెలో ధాన్యం ఎంత ఉందో గుమాస్తా రోజూ యజమానికి లెక్క చెబుతాడు. నిల్వ దండిగా ఉంటే యజమాని నిశ్చింతగా ఉంటాడు. తగ్గిందని తెలిస్తే ఖర్చులు కుదించి, గింజల కోసం మనుషులను పరుగులు తీయిస్తాడు. మన శరీరంలో గాదె కొవ్వు. గుమాస్తా లెప్టిన్. యజమాని మెదడు. గుమాస్తా నోరు మెదపకపోయినా, యజమానికి చెవుడు వచ్చినా ఆ ఇంటి లెక్క తప్పుతుంది. ఈ రెండు రకాల లోపాలూ చిట్టెలుకల్లో విడివిడిగా బయటపడటం పరిశోధకులకు కలిసి వచ్చింది.

మూడింతల బరువు

అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో బార్ హార్బర్ అనే చిన్న పట్టణం ఉంది. 1929లో అక్కడ స్థాపించిన జాక్సన్ ప్రయోగశాల చిట్టెలుకల జన్యు పరిశోధనకు ప్రపంచ ప్రసిద్ధి పొందింది. 1949లో అక్కడి సిబ్బంది ఒక వింత చిట్టెలుకను గమనించారు. మొదట దాన్ని చూలుతో ఉన్నదనుకున్నారు. ఎంతకూ ఈనకపోగా నానాటికీ లావెక్కసాగింది. అదే లక్షణం ఆ వంశంలోని మరికొన్నింటిలోనూ కనిపించింది. ఇది వంశపారంపర్య లోపమని నిర్ధారించి 1950లో ఆ వివరాలను ప్రచురించారు. స్థూలకాయాన్ని సూచించే ‘ఒబీస్’ అనే మాట నుంచి ఈ లోపానికి ఓబీ అని పేరు పెట్టారు.

తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి చొప్పున చెడిపోయిన జన్యు ప్రతులు రెండూ అందిన పిల్లల్లోనే ఈ లక్షణం కనిపించేది. అవి తోటి ఎలుకల కంటే మూడింతల బరువు తూగేవి. ఎంత తిన్నా వాటికి ఆకలి తీరేది కాదు. చలికి తట్టుకోలేకపోయేవి. సంతానం కలిగేది కాదు. 1960ల మధ్యలో అదే ప్రయోగశాలలో మరో రకం బయటపడింది. అవీ లావుగానే ఉండేవి, పైగా తీవ్రమైన మధుమేహంతో బాధపడేవి. డయాబెటిస్ అనే మాట నుంచి ఈ రెండో లోపానికి డీబీ అని పేరు వచ్చింది. చూపులకు రెండు రకాలూ దాదాపు ఒకలాగే ఉండేవి. అయితే ఓబీ జన్యువు ఆరో క్రోమోజోము మీద, డీబీ జన్యువు నాలుగో క్రోమోజోము మీద ఉన్నాయి. వేర్వేరు జన్యువులు చెడితే ఒకే రకమైన జబ్బు ఎందుకు వస్తోందన్న ప్రశ్న అక్కడే మొదలైంది.

రక్తం కలిపితే తేలిన నిజం

ఈ చిక్కుముడి విప్పినవారు కెనడాలో పుట్టి జాక్సన్ ప్రయోగశాలలో స్థిరపడిన జీవరసాయన శాస్త్రవేత్త డగ్లస్ కోల్‌మన్. రెండు చిట్టెలుకలను పక్కపక్కన కలిపి కుట్టి, ఒకదాని రక్తం కొద్దికొద్దిగా రెండోదానిలోకి ప్రవహించేలా చేసే శస్త్రచికిత్సా పద్ధతిని ఆయన ఎంచుకున్నారు. రక్తంలో ఏదైనా పదార్థం ఉంటే అది రెండో ఎలుకకూ చేరుతుంది. దాని ప్రభావమేమిటో గమనించవచ్చు.

ముందుగా డీబీ చిట్టెలుకను మామూలు చిట్టెలుకతో కలిపారు. డీబీ చిట్టెలుకలో మార్పు లేదు. మామూలు చిట్టెలుక మాత్రం ఎదుట మేత ఉన్నా ముట్టక ఆకలితో చనిపోయింది. డీబీ చిట్టెలుకను ఓబీ చిట్టెలుకతో కలిపినప్పుడు కూడా అంతే జరిగింది. తిండి యావ తీరని ఓబీ చిట్టెలుక మేత మానేసి ప్రాణం విడిచింది. చివరగా ఓబీ చిట్టెలుకను మామూలు చిట్టెలుకతో కలిపారు. ఈసారి ఏదీ చనిపోలేదు. ఓబీ చిట్టెలుక తిండి తగ్గింది, బరువు పెరగడమూ తగ్గింది.

1969 నుంచి 1973 వరకు ప్రచురించిన పరిశోధన పత్రాల్లో కోల్‌మన్ ఈ ఫలితాలను విశ్లేషించారు. ఆకలిని అణచే పదార్థమేదో రక్తంలో తిరుగుతోంది. డీబీ చిట్టెలుకలో అది పుష్కలంగా తయారవుతోంది, కానీ దాని శరీరం ఆ కబురును వినలేకపోతోంది. ఓబీ చిట్టెలుక వినగలదు, కానీ ఆ పదార్థాన్ని తయారు చేసుకోలేదు. ఒక ఇంట గుమాస్తా లేడు, మరో ఇంట యజమానికి చెవుడు. స్థూలకాయం అలవాట్ల వల్లనే వస్తుందని అప్పట్లో బలంగా నమ్మేవారు. అందువల్ల ఈ వాదన చాలామందికి మింగుడు పడలేదు. ఆ పదార్థమేమిటో కోల్‌మన్ చూపలేకపోయారు. అందుకు కావలసిన జన్యు సాంకేతికత ఆనాటికి లేదు.

ఎనిమిదేళ్ల వెతుకులాట

న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయంలో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం 1980ల మధ్యలో ఈ జన్యువు కోసం వేట ఆరంభించింది. చిట్టెలుక జన్యు పటం అప్పటికి పూర్తిగా సిద్ధం కాలేదు. వందలాది చిట్టెలుకలను సంకరపరచి, వాటి సంతానంలో లావు లక్షణంతో పాటు క్రోమోజోములోని ఏ భాగం సంక్రమిస్తోందో గమనిస్తూ, వెతకవలసిన ప్రాంతాన్ని అంగుళం అంగుళంగా కుదించుకుంటూ వచ్చారు. సుమారు ఎనిమిదేళ్ల శ్రమ ఫలించి 1994 డిసెంబరులో ‘నేచర్’ పత్రికలో ఆ జన్యువు వివరాలు వెలువడ్డాయి.

ఆ జన్యువు కొవ్వు కణాల్లో పనిచేస్తోందని తేలింది. దాని సూచనల మేరకు 167 అమైనో ఆమ్లాల ప్రొటీన్ తయారవుతుంది. ముందున్న 21 ఆమ్లాల ముక్క తెగిపోగా మిగిలిన 146 ఆమ్లాల ప్రొటీన్ రక్తంలో కలుస్తుంది. గ్రీకు భాషలో ‘లెప్టోస్’ అంటే సన్నని అని అర్థం. దాన్నుంచే లెప్టిన్ అనే పేరు పెట్టారు. జాక్సన్ ప్రయోగశాల చిట్టెలుకల్లో చోటుచేసుకున్న లోపం కూడా తెలిసింది. జన్యువులో ఒకే ఒక్క అక్షరం మారడంతో, 105వ అమైనో ఆమ్లం దగ్గర ‘ఇక ఆపు’ అనే గుర్తు వచ్చి చేరింది. ప్రొటీన్ సగంలో ఆగిపోయి పనికిరాకుండా పోయింది. ఒక్క అక్షరం తప్పుకు చిట్టెలుక మూడింతలు లావెక్కింది.

మనుషుల్లో ఈ జన్యువు ఏడో క్రోమోజోము మీద ఉంది. చిట్టెలుక లెప్టిన్‌కు, మనిషి లెప్టిన్‌కు 84 శాతం పోలిక ఉంది. 1995లో మూడు బృందాలు లెప్టిన్‌ను ఓబీ చిట్టెలుకలకు సూదిమందుగా ఇచ్చి చూశాయి. వాటి తిండి తగ్గింది, కొవ్వు కరిగింది. డీబీ చిట్టెలుకల్లో మాత్రం చలనం లేదు. కోల్‌మన్ పాతికేళ్ల కిందట చెప్పింది అక్షరాలా రుజువైంది. అదే ఏడాది చివర లెప్టిన్‌ను గుర్తుపట్టే గ్రాహకం జాడ కూడా దొరికింది. డీబీ చిట్టెలుకల్లో చెడిపోయింది ఆ గ్రాహకపు జన్యువేనని తర్వాత తేలింది. 2010లో కోల్‌మన్, ఫ్రీడ్‌మన్‌లు ఇద్దరికీ కలిపి ప్రతిష్ఠాత్మక లాస్కర్ పురస్కారం లభించింది. కోల్‌మన్ 2014లో కన్నుమూశారు.

కబురు కణంలోకి ఎలా చేరుతుంది

లెప్టిన్ రక్తంతో పాటు ప్రయాణించి మెదడు అడుగు భాగాన ఉండే హైపోథాలమస్‌కు చేరుతుంది. అక్కడి నాడీకణాల పొర మీద లెప్టిన్ గ్రాహకాలు ఉంటాయి. గ్రాహకపు ఒక కొస కణం బయటకు, రెండో కొస లోపలికి చొచ్చుకుని ఉంటుంది. లెప్టిన్ కణం లోపలికి వెళ్లదు. బయట ఉన్న కొసకు వచ్చి అతుక్కుంటుంది. తలుపు బయట గంట నొక్కితే ఇంటిలోపల మోగినట్లు, బయట జరిగిన ఈ కలయికతో లోపలి కొసలో కదలిక వస్తుంది.

లోపలి కొసను అంటిపెట్టుకుని జాక్-2 అనే ఎంజైమ్ ఉంటుంది. లెప్టిన్ రాకతో అది మేల్కొని గ్రాహకంపై ఫాస్ఫేట్ గుర్తులు వేస్తుంది. ఆ గుర్తులను చూసి స్టాట్-3 అనే ప్రొటీన్ వచ్చి చేరుతుంది. దానిపైనా ఫాస్ఫేట్ గుర్తు పడుతుంది. అలా గుర్తు పడిన స్టాట్-3 ప్రొటీన్లు జంటకట్టి కణ కేంద్రకంలోకి ప్రవేశిస్తాయి. అక్కడ కడుపు నిండిన భావన కలిగించే పదార్థాల తయారీకి సంబంధించిన జన్యువును పనిలోకి దించుతాయి. ఆ పదార్థం పక్కనున్న నాడీకణాల మీద ఎంసీ4ఆర్ అనే మరో గ్రాహకాన్ని తాకి తిండి ధ్యాసను తగ్గిస్తుంది. అదే సమయంలో ఆకలిని రేపే మరో రకం నాడీకణాల జోరును లెప్టిన్ తగ్గిస్తుంది.

ఈ గొలుసుకు ఒక పగ్గం కూడా ఉంది. స్టాట్-3 పనిలోకి దిగగానే సాక్స్-3 అనే ప్రొటీన్ తయారవుతుంది. అది తిరిగి వచ్చి జాక్-2 జోరుకు అడ్డుకట్ట వేస్తుంది. కబురు ఒకసారి అందాక గంట అదే పనిగా మోగకుండా ఉండేందుకు ఈ ఏర్పాటు. లెప్టిన్ ఎల్లవేళలా అధికంగా ఉన్నవారిలో మెదడు దాన్ని పట్టించుకోకపోవడానికి ఈ పగ్గం బిగుసుకుపోవడం ఒక కారణమని పరిశోధకులు భావిస్తున్నారు.

అసలు పని కరవు హెచ్చరిక

లెప్టిన్ పేరు వినగానే అది లావు తగ్గించే హార్మోను అనుకుంటారు. దాని ప్రధాన కర్తవ్యం వేరని తర్వాతి ప్రయోగాలు సూచించాయి. 1996లో హార్వర్డ్ పరిశోధకులు చిట్టెలుకలను రెండు రోజులు పస్తు ఉంచారు. వాటి రక్తంలో లెప్టిన్ బాగా పడిపోయింది. థైరాయిడ్ హార్మోన్లు తగ్గాయి, సంతాన సామర్థ్యానికి సంబంధించిన హార్మోన్లు మందగించాయి. పస్తులోనే లెప్టిన్ సూదిమందు ఇస్తే ఈ మార్పులు చాలావరకు ఆగిపోయాయి. అంటే, లెప్టిన్ పడిపోవడాన్నే మెదడు కరవు సూచనగా గ్రహిస్తోంది. తిండి దొరకని కాలంలో పిల్లలను కనడం, వేడి పుట్టించడం వంటి ఖర్చులను కుదించి ప్రాణం నిలుపుకోవడానికి శరీరం చేసే ఏర్పాటు ఇది. ఓబీ చిట్టెలుక అంత కొవ్వు మోస్తూ కూడా చలికి వణకడానికి, గొడ్రాలుగా మిగలడానికి కారణం ఇదే. లెప్టిన్ లేనందున అది కరవులో ఉన్నట్లు దాని మెదడు భావిస్తుంది.

కడుపు మాడ్చుకుని బరువు తగ్గినవారు మళ్లీ ఎందుకు లావెక్కుతారన్న ప్రశ్నకూ ఇందులో జవాబు ఉంది. కొవ్వు తగ్గితే లెప్టిన్ తగ్గుతుంది. మెదడు ఆకలి పెంచి, ఖర్చు తగ్గిస్తుంది. 2005లో కొలంబియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 10 శాతం బరువు తగ్గినవారికి లెప్టిన్‌ను మునుపటి స్థాయికి చేరేలా స్వల్ప మోతాదులో అందించారు. అప్పటిదాకా మందగించిన శక్తి వ్యయం తిరిగి పుంజుకుంది. బరువు తగ్గాక దాన్ని నిలుపుకోలేకపోవడంలో మనోబలానికి మించిన కారణం ఉందనడానికి ఇది నిదర్శనం.

ఇద్దరు చిన్నారుల ఉదంతం

చిట్టెలుకలో చూసిన లోపం మనుషుల్లోనూ ఉందా అన్న సందేహానికి 1997లో సమాధానం దొరికింది. బ్రిటన్‌లో నివసిస్తున్న పాకిస్థాన్ సంతతి కుటుంబంలో ఇద్దరు పిల్లలు విపరీతమైన ఆకలితో, స్థూలకాయంతో బాధపడుతున్నారు. వారు వరుసకు సోదరీ సోదరులు. ఎనిమిదేళ్ల బాలిక 86 కిలోలు, రెండేళ్ల బాలుడు 29 కిలోల బరువు ఉన్నారు. పుట్టినప్పుడు ఇద్దరి బరువూ మామూలుగానే ఉంది. కేంబ్రిడ్జ్ వైద్య పరిశోధకులు స్టీఫెన్ ఓరాహిలీ, సదఫ్ ఫరూఖీ తదితరులు పరీక్షించగా వారి రక్తంలో లెప్టిన్ దాదాపు లేదని తేలింది. జన్యువులో ఒక అక్షరం జారిపోవడమే కారణం. ఆ కుటుంబంలో రక్తసంబంధీకుల మధ్య వివాహాలు జరిగాయి.

ఆ బాలికకు రోజూ చర్మం కింద లెప్టిన్ సూదిమందు ఇచ్చారు. ఏడాదిలో 16 కిలోలకు పైగా బరువు తగ్గింది. ఎంత పెట్టినా చాలదనే పిల్ల తోటి పిల్లల మాదిరిగా తిని లేవసాగింది. 1999లో ఈ ఫలితాలు ప్రచురితమయ్యాయి. తిండిపోతు అనిపించుకున్న బిడ్డ నిజానికి ఒక ప్రొటీన్ లోపంతో బాధపడుతోందని వైద్యలోకం గుర్తించింది.

అందరికీ ఎందుకు పనిచేయలేదు

లెప్టిన్ బయటపడగానే స్థూలకాయానికి మందు దొరికినట్లేనని ప్రపంచం సంబరపడింది. యామ్‌జెన్ అనే అమెరికా సంస్థ 1995లో రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయానికి 2 కోట్ల డాలర్లు చెల్లించి హక్కులు తీసుకుంది. ఆ ఆశలు ఎంతో కాలం నిలవలేదు. సాధారణ స్థూలకాయుల రక్తంలో లెప్టిన్ తక్కువగా కాక, ఎక్కువగా ఉందని 1996లోనే తేలింది. వారి ఇంట గుమాస్తా గొంతు చించుకుని అరుస్తున్నాడు. యజమానికే వినికిడి మందగించింది. అటువంటివారికి అదనంగా లెప్టిన్ ఇచ్చినా ఫలితం అంతంతమాత్రమేనని 1999లో వెలువడిన అధ్యయనం వెల్లడించింది.

హార్మోను వృథా పోలేదు. ఒంట్లో కొవ్వు కణజాలమే ఏర్పడని లైపోడిస్ట్రోఫీ అనే అరుదైన జబ్బు ఉంది. గాదె లేదు కనుక గుమాస్తా కూడా ఉండడు. ఆ రోగులు ఎముకల గూడులా ఉన్నా తీరని ఆకలి, మొండి మధుమేహం, కాలేయంలో కొవ్వు పేరుకోవడం వంటి బాధలు పడతారు. వారి కోసం మెట్రెలెప్టిన్ అనే మందును అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2014లో ఆమోదించింది. గ్రాహకమే చెడిపోయినవారికి లెప్టిన్ ఇచ్చి లాభం లేదు. సంకేతాల గొలుసులో ఆ తర్వాతి మెట్టయిన ఎంసీ4ఆర్‌ను నేరుగా తట్టే సెట్‌మెలనోటైడ్ అనే మందుకు 2020లో అనుమతి లభించింది. డీబీ చిట్టెలుక మీద మొదలైన పరిశోధన అలా మనిషికి మందుగా మారింది.

బరువు తగ్గడానికి నేడు విస్తృతంగా వాడుతున్న సెమాగ్లూటైడ్, టిర్జెపటైడ్ మందులు వేరే హార్మోన్ల మార్గంలో పనిచేస్తాయి. వాటికి, లెప్టిన్‌కు ముడిపెట్టరాదు. లెప్టిన్ పేరు చెప్పి అమ్మే మాత్రలు, పొడుల విషయంలోనూ జాగ్రత్త అవసరం. లెప్టిన్ ప్రొటీన్ కనుక నోటి ద్వారా తీసుకుంటే పప్పులోని మాంసకృత్తుల మాదిరిగానే అరిగిపోతుంది. ఇన్సులిన్‌లాగే దీన్నీ సూదిమందుగానే ఇస్తారు.

హైదరాబాద్ ఎలుకలు

ఈ రంగంలో మన రాష్ట్రాలకూ చోటుంది. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ పెంచుతున్న ఎలుకల్లో 1990లలో సహజంగా స్థూలకాయ రకం ఒకటి బయటపడింది. ఇవి చిట్టెలుకల కంటే పెద్దవైన ప్రయోగశాల ఎలుకలు. వాటి రక్తంలో లెప్టిన్ తక్కువేమీ లేదు, అధికంగా ఉంది. అంటే సాధారణ స్థూలకాయుల మాదిరిగా వాటి మెదడు కబురును సరిగా అందుకోవడం లేదు. అందువల్ల స్థూలకాయం, దానితో వచ్చే జబ్బుల అధ్యయనానికి అక్కడి శాస్త్రవేత్తలు ఈ రకాన్ని వినియోగిస్తూ వచ్చారు.

తల్లిదండ్రులు గమనించవలసినవి

లెప్టిన్ లోపం చాలా అరుదు. పిల్లల్లో కనిపించే స్థూలకాయంలో అత్యధిక భాగానికి తిండి తీరు, ఆటలు తగ్గడం, స్వల్ప ప్రభావం చూపే అనేక జన్యువుల కలయిక కారణం. అయితే మేనమామను, మేనత్త కొడుకును పెళ్లాడే ఆనవాయితీ తెలుగునాట నేటికీ ఉంది. దంపతులిద్దరిలో చెడిపోయిన ప్రతి ఒక్కొక్కటి ఉంటే, పైకి ఇద్దరూ ఆరోగ్యంగానే ఉన్నా, ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. దగ్గరి బంధువులకు ఒకే పూర్వీకుడి నుంచి ఒకే లోపం అందే వీలు ఎక్కువ. కాబట్టి మేనరికపు దంపతులు ఈ కింది లక్షణాలను తేలిగ్గా తీసుకోరాదు.

పుట్టినప్పుడు మామూలు బరువున్న బిడ్డ తొలి నెలల నుంచే అతి వేగంగా లావెక్కడం ఒక గుర్తు. పాలు తాగిన కాసేపటికే ఆకలితో ఏడవడం, పెద్దయ్యాక తిండి అందకపోతే విపరీతంగా మారాం చేయడం, దాచిన తినుబండారాల కోసం వెతకడం మరికొన్ని. తరచూ అంటురోగాల బారిన పడటం, యుక్త వయసు వచ్చినా శారీరక మార్పులు కనిపించకపోవడం కూడా గమనించాలి. ఇటువంటి బిడ్డలను పిల్లల వైద్యుడికి చూపించి, ఆయన సూచిస్తే హార్మోన్ల నిపుణుడి వద్దకు తీసుకువెళ్లాలి. రక్తంలో లెప్టిన్ మోతాదు, అవసరమైతే జన్యు పరీక్ష ద్వారా కారణం తెలుసుకోవచ్చు. లోపం ఎక్కడుందో తేలితేనే ఏ మందు పనిచేస్తుందో నిర్ణయించే వీలుంటుంది.

పరీక్షలో ఏ జన్యు లోపమూ తేలని బొద్దు పిల్లలకు కూడా ఈ పరిశోధన వల్ల ఒక మేలు ఉంది. ఆకలి మెదడుకు అందే సంకేతమని తెలిశాక, వారిని నలుగురిలో ఎగతాళి చేయడం వల్ల ఒక్క గ్రాము బరువు కూడా తగ్గదని పెద్దలు గ్రహించాలి. ఇంటిల్లిపాదీ ఒకే రకమైన మితాహారం తీసుకోవడం, పిల్లలను ఆటలకు పంపడం, బరువు తగ్గడంలో తొందరపెట్టకుండా తోడుగా నిలవడం అందరికీ సాధ్యమయ్యే పనులు.